మణికట్టు దగ్గర దొరికే జబ్బు

కర్నూలులో జనరల్ ఫిజీషియన్‌గా నాకు ముప్పై ఏళ్లు దాటాయి. గుండె స్పెషలిస్టును కాను, ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకూ మీకూ మంచిది. ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే ఆరింట్లో ఒకే జబ్బు తగిలింది. మోకాళ్ల నొప్పులు, గ్యాస్, నిద్ర పట్టకపోవడం గురించి రాసినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఎమ్మిగనూరు. మా నాయనకు 68 ఏళ్లు, మగ్గం నేస్తాడు. బీపీ, షుగర్ పదేళ్ల నుంచి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులని ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడి చిన్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చానాసేపు వదల్లేదు. తర్వాత ఈసీజీ తీయించి 'ఏట్రియల్ ఫిబ్రిలేషన్' అన్నారు. రక్తం పల్చన చేసే మాత్ర జీవితాంతం వాడాలంట. నాయనకు గుండెలో నొప్పి లేదు, ఆయాసం లేదు, ఇప్పటికీ పొద్దున్నే మగ్గం గుంటలో దిగుతాడు. "ఏమీ లేనిదానికి మాత్ర ఎందుకు, రక్తం నీళ్లయిపోతే ఎట్ల?" అంటాడు. పక్కింటివాళ్లేమో ఆస్పిరిన్ వేసుకుంటే చాలంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఆ డాక్టరమ్మకు నా నమస్కారం చెప్పండి. బయట అరవై మంది చీటీలు పట్టుకుని నిలబడి ఉండగా, మోకాళ్ల కోసం వచ్చిన మనిషి నాడి నిమిషం పాటు పట్టుకుని చూడటం చిన్న విషయం కాదు. మేమందరం చదువుకున్న పనే అది. రోజూ చేసేవాళ్లం మాత్రం తక్కువే.

మీ నాయనకు నాడి సంగతి నాకంటే ఆయన మగ్గంలో నూలు పట్టుకుని అటూ ఇటూ తిరిగే నాడె బాగా చెబుతుంది. మగ్గం మీద చెయ్యి తిరిగినవాడు కూర్చుంటే నాడె అటు పోయి ఇటు వచ్చే చప్పుడు వీధిలోకి ఒకే లెక్కన వినబడుతుంది కదా. వాళ్ల మనవడిని అదే మగ్గం మీద కూర్చోబెట్టండి. రెండు చప్పుళ్లు గబగబా, ఒకటి ఆలస్యంగా, మళ్లీ మూడు కలిసిపోయి, తర్వాత ఏమీ లేదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో నాడి అచ్చంగా ఇట్లాగే కొట్టుకుంటుంది. వేగం ఎక్కువ ఉండొచ్చు, లేకపోవచ్చు. లెక్క ఉండకపోవడమే గుర్తు. ఊరికే అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందు పడి, తర్వాత చిన్న ఖాళీ వచ్చి, మళ్లీ గాడిలో పడితే అది వేరే, చాలామందికి ఉంటుంది. ఇందులో గాడి అనేదే ఉండదు.

మీరే చూడొచ్చు. ఆయన అరచెయ్యి పైకి పెట్టి, బొటనవేలి కింద మణికట్టు దగ్గర మీ మూడు వేళ్లు ఆనించండి. మీ బొటనవేలు వాడొద్దు, దానికీ నాడి ఉంటుంది, తికమక పడతారు. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసే పద్ధతి ఈ జబ్బులో పనికిరాదు.

లోపల జరిగేది ఇది. గుండె పైగదులు రెండూ ఒక్క స్విచ్ మాట విని కొట్టుకోవాలి. ఈ జబ్బులో ఎక్కడెక్కడి నుంచో కరెంటు పుట్టి, పైగదులు నిమిషానికి మూడు నాలుగు వందల సార్లు వణుకుతుంటాయి. పై నుంచి కిందికి ఉన్న దారి వాటిలో కొన్నింటినే, అదీ వరస లేకుండా, కింది గదులకు వదులుతుంది. మణికట్టు దగ్గర మనకు తెలిసేది ఆ వదిలినవే. అవి కూడా అన్నీ చేరవు. స్టెతస్కోపు గుండె మీద పెడితే 110 వినిపించి, మణికట్టు దగ్గర 84 మాత్రమే దొరికిన మనిషిని మొన్ననే చూశాను. తక్కిన 26 దెబ్బలు రక్తాన్ని చేతి దాకా నెట్టలేకపోయాయి.

"నొప్పే లేదు కదా" అన్నదానికి వస్తున్నాను. ఈ జబ్బు ఉండేది గుండెలో, దెబ్బ కొట్టేది తలలో. ఎడమ పైగదికి చెవి ఆకారంలో ఒక చిన్న సంచి వేలాడుతుంటుంది. పైగది సరిగా ముడుచుకోకుండా వణుకుతుంటే ఆ సంచిలో రక్తం నిలబడిపోతుంది. కుంటలో కదలని నీళ్లకు పాచి పట్టినట్టు అక్కడ గడ్డ కడుతుంది. అది ఒకనాడు ఊడి నేరుగా మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు, లేనివాళ్లతో పోలిస్తే సుమారు ఐదు రెట్లు. పైగా ఇట్లా వచ్చే పక్షవాతం పెద్దదిగా ఉంటుంది, కోలుకోవడం కష్టం. మొదట పక్షవాతం వచ్చి, ఆసుపత్రిలో ఈసీజీ తీశాక గానీ నాడి సంగతి బయటపడనివాళ్లు ఎంతోమంది.

మాత్ర ఎవరికి కావాలో తేల్చడానికి ఒక లెక్క ఉంది. వేళ్ల మీద చేసేయొచ్చు. గుండె బలహీనత ఉంటే 1, బీపీ 1, షుగర్ 1, గుండెపోటో కాళ్ల రక్తనాళాలు మూసుకుపోవడమో ఉంటే 1, వయసు 65 నుంచి 74 మధ్య ఉంటే 1, 75 నిండితే 2, ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే 2. ఆడవాళ్లకు ఇంకొకటి కలిపేవాళ్లు, 2024లో యూరప్ డాక్టర్ల మార్గదర్శకాల్లో దాన్ని తీసేశారు. మొత్తం రెండో అంతకన్నా ఎక్కువో వస్తే మాత్ర వాడాల్సిందే. మీ నాయనకు బీపీ ఒకటి, షుగర్ ఒకటి, వయసు ఒకటి, వెరసి మూడు. ఈ లెక్కలో నొప్పికి గానీ దడకు గానీ ఒక్క మార్కు కూడా లేదు, గమనించారా? ఆయనతో ఇదే చెప్పండి.

రక్తం నీళ్లయిపోదు. చిక్కదనం ఎంతుందో అంతే ఉంటుంది, హిమోగ్లోబిన్ తగ్గదు. గడ్డ కట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. 'రక్తం పల్చన చేసే మాత్ర' అని పేరు పెట్టి మేమే జనాన్ని భయపెట్టాం. అయితే రక్తస్రావం భయం ఉత్తదేమీ కాదు. మలం తారులా నల్లగా పోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా, ముక్కు నుంచి రక్తం పది నిమిషాలు నొక్కి పట్టుకున్నా ఆగకపోయినా వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి.

ఇక ఆస్పిరిన్. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పత్తికొండ వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. నాడి గాడి తప్పి ఉంది, బీపీ ఉంది. అప్పట్లో ఈ జబ్బుకు, రక్తం గడ్డ కట్టకుండా ఆపే వార్ఫరిన్ లాంటి పాత మందులు తప్ప వేరే గతి లేదు. దానికి పదే పదే రక్తపరీక్ష చేయాలి, అందుకు ఆమె బస్సులో కర్నూలు రావాలి. ముసలామెను ఎందుకు తిప్పాలిలే అని ఆస్పిరిన్ రాసి పంపాను. ఎనిమిది నెలలకు జీపులో పడుకోబెట్టి తెచ్చారు. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. నన్ను చూడగానే ఎడమ చెయ్యి చాచింది, ప్రతిసారీ నాడి చూపించుకున్నట్టే. 2007లో ఇంగ్లండులో 75 ఏళ్లు దాటిన 973 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆస్పిరిన్ వాడినవాళ్లలో ఏడాదికి నూటికి 3.8 మందికి పక్షవాతం లాంటి దెబ్బ తగిలితే, వార్ఫరిన్ వాడినవాళ్లలో 1.8 మందికే తగిలింది. పెద్ద రక్తస్రావాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అది చదివిన రోజు నాకు ఆ ఎడమ చెయ్యే గుర్తొచ్చింది. ఈ జబ్బులో పక్షవాతం ఆపడానికి ఆస్పిరిన్ రాయడం నేను మానేశాను. పక్కింటివాళ్లకు కూడా ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు చేయాల్సినవి. ఎకో, అంటే గుండె స్కాన్, ఒకసారి తీయించండి, కవాటం మూసుకుపోయిందా లేదా తెలియకుండా మాత్ర ఎంచుకోకూడదు. ఎందుకో కింది ఉత్తరం చదివితే తెలుస్తుంది. థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), హిమోగ్లోబిన్, లివర్ పరీక్షలు చేయించండి. థైరాయిడ్ ఎక్కువై గుండె గాడి తప్పినవాళ్లు అప్పుడప్పుడు తగులుతారు, దాన్ని సరిచేస్తే చాలాసార్లు గుండె కూడా దారికొస్తుంది. వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఇస్తారు. కూర్చుని ఉన్నప్పుడు వేగం 110 లోపు ఉండి, ఆయాసం లేకపోతే చాలామందికి అది చాలు. అంతకన్నా గట్టిగా తగ్గించినా లాభం కనబడలేదని 2010లో నెదర్లాండ్స్ వాళ్లు తేల్చారు. కొత్తగా బయటపడ్డ జబ్బు కాబట్టి ఒక్కసారి గుండె డాక్టరుకు చూపించండి. మొదటి ఏడాదిలోనే గుండెను మళ్లీ గాడిలో పెట్టే ప్రయత్నం కొందరికి మేలు చేస్తుంది, అది వాళ్లు తేల్చాలి. ఆ తర్వాత నెలనెలా మందులు, బీపీ, నాడి చూడటం ఎమ్మిగనూరులోనే జరిగిపోతుంది. దానికోసం కర్నూలుకు, హైదరాబాదుకు బస్సెక్కక్కర్లేదు.

ఇంట్లో బీపీ మిషన్ ఉంటే ఒక మాట. ఈ జబ్బులో ఒక్కో దెబ్బకు ఒక్కో రకం ఒత్తిడి ఉంటుంది, మిషన్ ఒకసారి 150, మరోసారి 124 చూపిస్తుంది. మిషన్ చెడిపోలేదు. మూడుసార్లు చూసి సగటు రాసుకోండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఆదోని. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం మూసుకుపోయిందన్నారు. నాడి కూడా సరిగా లేదని రక్తం పల్చన చేసే ఎసిట్రామ్ వాడుతున్నాను, రక్తం ఎంతసేపటికి గడ్డ కడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలకోసారి. బెంగుళూరులో ఉండే మా చిన్నమ్మ కొడుకు 'కొత్త మాత్రలు వచ్చినాయి అక్కా, పరీక్షలే అక్కర్లేదు' అంటున్నాడు. మార్చుకోవచ్చా? గోంగూర తినకూడదంట, నిజమేనా?

జవాబు: మార్చుకోవద్దమ్మా. మీ తమ్ముడు చెప్పింది వేరేవాళ్ల విషయంలో నిజం, మీ విషయంలో కాదు. మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమవైపు పైగదికీ కింది గదికీ మధ్య తలుపు, బాగా మూసుకుపోయినవాళ్లకు, ఇనుప కవాటం వేయించుకున్నవాళ్లకు పాత మందులే, అంటే వార్ఫరిన్ గానీ మీరు వాడే ఎసిట్రామ్ గానీ. కీళ్ల జ్వరంతో గుండె దెబ్బతిని, నాడి గాడి తప్పినవాళ్ల మీద మన దేశంతో కలిపి 24 దేశాల్లో అధ్యయనం చేసి 2022లో ఫలితం చెప్పారు. నాలుగున్నర వేల మందికి పైగా పాల్గొన్నారు. కొత్త మాత్ర రివరాక్సబాన్ గెలుస్తుందనే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువగా తేలాయి. చిన్నప్పటి కీళ్ల జ్వరం మన పల్లెల్లో ఇంకా ఉంది కాబట్టి, 'కొత్త మాత్ర' రాసే ముందు ఎకో చూడమని తోటి డాక్టర్లకు కూడా ఇక్కడే చెబుతున్నాను.

ఐఎన్ఆర్ రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. రెండుకు తక్కువైతే మాత్ర వేసుకుంటున్నారన్న మాటే గానీ కాపు లేదు. మూడు దాటి ఎక్కేకొద్దీ రక్తస్రావం భయం.

గోంగూర తినండి. కర్నూలు జిల్లాలో పుట్టి గోంగూర మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, మీ మందు పనిచేసేది ఆ విటమిన్‌ను అడ్డుకునే. చిక్కు తినడంతో రాదు, ఉన్నట్టుండి మార్చడంతో వస్తుంది. వారానికి రెండుసార్లు ఆకుకూర తినే అలవాటుంటే అట్లాగే రెండుసార్లు తినండి. శ్రావణమాసమని నెలంతా రోజూ పాలకూర పప్పు తిని, తర్వాత నెల పూర్తిగా మానేస్తే ఐఎన్ఆర్ ఊయల ఊగుతుంది. మునగాకు పొడి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు డాక్టరుకు చెప్పండి. మొన్న ఒకాయన షుగర్‌కు మంచిదని ఎవరో చెబితే రోజూ రెండు చెంచాలు తిన్నాడు, ఐఎన్ఆర్ 1.3కి దిగింది.

కూరకన్నా నాకు మందులతోనే భయం. విరేచనాలకు మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఫ్లుకొనజోల్ వేసుకుంటే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ దాన్ని కిందికి లాగేస్తుంది. ఏ మందుల షాపులోనైనా మాత్ర కొనేముందు 'నేను ఎసిట్రామ్ మీద ఉన్నాను' అనండి. ఇంకొకటి, మీరు అడగలేదు గానీ వయసు చూసి చెబుతున్నాను. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే గుండె డాక్టరునూ, స్త్రీల డాక్టరునూ కలవండి. ఈ మందు మొదటి మూడు నెలల్లో బిడ్డకు హాని చేయగలదు. నెల తప్పాక వచ్చి చెబితే ఆలస్యమవుతుంది. అట్లాగని మీ అంతట మీరు మందు ఆపితే మీ ప్రాణానికే ముప్పు.

ఈ రకం మందుల పుట్టుక కథ మా విద్యార్థులకు చెబుతుంటాను. 1920లలో అమెరికా, కెనడా రైతుల పశువులు కొమ్ము కోస్తే చాలు, రక్తం ఆగక చనిపోయేవి. పాచిపోయిన తీపి క్లోవర్ గడ్డి తినడమే కారణం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని నుంచి తయారైన వార్ఫరిన్‌ను మొదట ఎలుకల మందుగా అమ్మారు, 1954 నుంచి మనుషులకు మందయింది. ఎలుకల మందు అని తెలిసి మందు మానేసిన పేషెంటు కూడా నాకు ఒకాయన ఉన్నాడు, అందుకే ఈ కథ క్లినిక్‌లో చెప్పను.

ప్రశ్న: మా నాన్నగారికి 81 ఏళ్లు, బరువు 52 కిలోలు. అనంతపురంలో ఉంటాం. ఇదే నాడి జబ్బుకు ఏపిక్సబాన్ అనే రక్తం పల్చన చేసే కొత్త మాత్ర 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాశారు. నెట్‌లో చూస్తే 5 అని ఉంది. తక్కువ డోసు ఇచ్చి సరిపెడుతున్నారా? పైగా ఆయన ఈ ఏడాది రెండుసార్లు బాత్రూములో జారిపడ్డారు. పడే మనిషికి ఈ మాత్ర ప్రమాదం కదా, ఆపేద్దామా?

జవాబు: డోసు సరిగానే ఉంది. 80 ఏళ్లు నిండడం, 60 కిలోలు గానీ అంతకన్నా తక్కువ గానీ బరువు ఉండటం, క్రియాటినిన్ 1.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండటం, ఈ మూడింటిలో రెండు ఉంటే 2.5. మీ నాన్నగారికి వయసూ బరువూ రెండూ ఉన్నాయి. మూడింటిలో ఏ రెండూ లేకుండానే 'పెద్దాయన కదా' అని సగం డోసు రాసే అలవాటు మా వాళ్లలో ఉంది. అది ఓ రకం ఆస్పిరిన్ మనస్తత్వమే, నాకు నచ్చదు. మీ విషయంలో అట్లా జరగలేదు.

పడతారన్న కారణంతో మాత్ర ఆపొద్దు. 1999లో కొందరు డాక్టర్లు వార్ఫరిన్ మీద ఒక లెక్క కట్టారు. పడటం వల్ల తలలో రక్తస్రావమయ్యే ముప్పు, మందు చేసే మేలును మింగేయాలంటే మనిషి ఏడాదికి సుమారు 300 సార్లు పడాలట. లెక్క లెక్కే అనుకోండి, కానీ రెండుకూ మూడు వందలకూ చాలా దూరం. డబ్బు పెట్టాల్సింది బాత్రూములో. గోడకు స్టీలు కడ్డీ, గరుకు టైల్స్, రాత్రంతా వెలిగే చిన్న లైటు. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవమనండి. బీపీ మాత్రల వల్ల కళ్లు తిరుగుతున్నాయేమో నిలబెట్టి బీపీ చూపించండి. తల గట్టిగా తగిలేట్టు పడితే మాత్రం, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ మాత్ర పన్నెండు గంటలకే పలచబడుతుంది. 'పొద్దుటిది వేసుకున్నారుగా' అని రాత్రిది వదిలేస్తే రాత్రంతా కాపు లేనట్టే. ఆరు గంటల లోపు గుర్తొస్తే వేయండి, అది దాటితే వదిలేసి తర్వాతది మామూలు టైముకు వేయండి. రెండూ కలిపి వేయొద్దు. క్రియాటినిన్ ఆరు నెలలకోసారి చూపించండి. వేరే ఇళ్లలో రివరాక్సబాన్ వాడేవాళ్లుంటే, ఆ మాత్ర కడుపు నిండా తిన్నాకే వేసుకోవాలి. సంగటి ముద్ద తిని చెయ్యి కడుక్కోగానే వేసుకుంటే సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: కడప. వయసు 29, సాఫ్ట్‌వేర్, ఇంటి నుంచి పని. శనివారం రాత్రి పార్టీ తర్వాత నా వాచీ 'ఏఎఫ్ ఉండొచ్చు' అని, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండొచ్చని చూపించింది. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. నేనూ రక్తం పల్చన చేసే మాత్ర వేసుకోవాలా?

జవాబు: వాచీ చెప్పింది అనుమానం మాత్రమే, ఈసీజీలో కనిపిస్తేనే జబ్బు. ఆ కాగితం, థైరాయిడ్ రిపోర్టు, ఎకో తీసుకుని మీ ఊళ్లోని ఫిజీషియన్‌ను కలవండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఏమీ లేకపోతే మీ లెక్క సున్నా, ఆ మాత్ర అక్కర్లేదు. మీ ఉత్తరంలో నాకు ముఖ్యమనిపించింది వాచీ కాదు, శనివారం రాత్రి. ఒక్కసారిగా ఎక్కువ తాగితే గుండె గాడి తప్పడం మాకు పాత సంగతే, పండగలు అయిన మర్నాడు చూస్తుంటాం. తాగడం ఆపండి. కాఫీ మానక్కర్లేదు. గురక పెడతారని ఇంట్లోవాళ్లు అంటుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకూ దీనికీ చుట్టరికం ఉంది.

ప్రశ్న: సార్, నేను పల్లెలో ఆర్ఎంపీని. ఊరు పేరు వేయొద్దు. ఒక పెద్దాయన మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ అడిగితే తుంటికి వేశాను. రెండో రోజుకు పిర్ర నల్లగా కమిలి గుమ్మడికాయంత వాచింది. తర్వాత తెలిసింది, ఆయన రక్తం పల్చన చేసే మాత్ర మీద ఉన్నాడని. నాకు చెప్పలేదు సార్. నేనేం చేసి ఉండాల్సింది?

జవాబు: దాచకుండా రాసినందుకు మెచ్చుకుంటున్నాను. అడిగి ఉండాల్సింది. పేషెంటు చెప్పడు, 'గుండె మాత్ర' అని తప్ప ఆయనకు పేరే తెలియదు. 'మాత్రల కవరు తెచ్చి చూపించు పెద్దాయనా' అంటే దొరికిపోయేది. ఈ మందుల మీద ఉన్నవాళ్లకు కండలో ఇంజెక్షన్ వేయొద్దు, సూది పడిన చోట లోపలే రక్తం చేరుతుంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇంజెక్షన్ అయినా మాత్ర అయినా ఇవ్వొద్దు, కడుపులో పుండు పడి రక్తం పోతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు, అదీ తక్కువ రోజులు. ఆ పెద్దాయనకు వాపు ఇంకా పెరుగుతున్నా, కళ్లు తిరుగుతున్నా పెద్దాసుపత్రికి పంపండి.

మీరు చేయగలిగిన మేలు ఒకటుంది, అది నేను కర్నూలులో కూర్చుని చేయలేను. మీ దగ్గరికి బీపీ చూపించుకోవడానికి వచ్చే 65 దాటిన ప్రతి మనిషి చెయ్యీ ఒక నిమిషం పట్టుకోండి. నాడి గాడి తప్పినట్టు అనిపిస్తే మందు ఏమీ ఇవ్వొద్దు, ఈసీజీకి పంపండి. ఊళ్లో అందరికంటే ముందు పట్టుకోగలిగింది మీరే.

పక్షవాతం వస్తే మొదట మీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు కాబట్టి ఇది కూడా. నోరు వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా సెలైన్ పెట్టి కూర్చోబెట్టొద్దు, నాటుమందుకు పోనివ్వొద్దు. నోట్లో ఏమీ పోయొద్దు. 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే వేస్తారు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్న టైము, వాడుతున్న మాత్ర పేరు, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి ఆయన జేబులో పెట్టండి. అవి తెలియక క్యాజువాలిటీలో అరగంట పోగొట్టుకున్న కేసులు నేను చూశాను.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మకు 70 ఏళ్లు, ఇదే జబ్బుకు మాత్రలు వాడుతోంది. తిరుమల మెట్లెక్కి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. ఎక్కవచ్చా? గుండు గీయించుకుంటే రక్తం ఆగదా?

జవాబు: ఇంట్లో రెండంతస్తుల మెట్లు మాట్లాడుతూ ఎక్కగలిగి, నాడి వేగం అదుపులో ఉంటే, డాక్టరుకు చూపించుకుని బయల్దేరొచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, గాలిగోపురం వరకు నిలువెత్తు ఎక్కడం. తెల్లవారుజామున మొదలుపెట్టండి, మాట తడబడేంత ఆయాసం వస్తే అక్కడే కూర్చోబెట్టండి. కాలినడకన వెళ్లడమే మొక్కులో భాగమా అని ఒకసారి అమ్మను అడిగి చూడండి, చాలామందికి తలనీలాలే మొక్కు, మెట్లు పిల్లలు కలిపినవి.

గుండుకు మాత్ర ఆపక్కర్లేదు. కొత్త బ్లేడుతో మెల్లగా గీయమనండి. గాటు పడితే రక్తం మామూలుకన్నా కొంచెం ఎక్కువసేపు కారుతుంది, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. మధ్యలో ఆగిందా లేదా అని తీసి చూడొద్దు. అలిపిరిలో బ్యాగులు ఇచ్చేసి పైన తీసుకునే ఏర్పాటు ఉంది కదా, మాత్రల డబ్బా మాత్రం ఆ బ్యాగులో వేయకండి. అమ్మ కొంగున కట్టినా సరే, మనిషితోపాటే పైకి రావాలి.